ప్రశ్న – జవాబు: ఫ్రిస్కోలో ఉండిపోయిన పిస్టల్

ప్రశ్న: అమెరికాకి వచ్చి పదకొండేళ్లయింది. గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లు. మొన్నటిదాకా టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నాం. మా వీధిలో మనవాళ్ల ఇంట్లో బంగారం కోసం దొంగలు పడ్డాక భయం వేసి ఒక పిస్టల్ కొన్నాను. గ్రీన్ కార్డు వచ్చాకే, షాపులో కాగితాలన్నీ నింపి కొన్నది. గత నెల ఉద్యోగం మారి న్యూజెర్సీ, ఎడిసన్‌కి వచ్చేశాం. మూవర్స్ తుపాకీని మాత్రం ఎక్కించుకోం అన్నారు. ఆ హడావిడిలో దాన్ని పెట్టెలో పెట్టి, తాళం వేసి, మా స్నేహితుడి ఇంట్లో క్లాజెట్ పై అరలో ఉంచి వచ్చాను. తాళంచెవి వాడి దగ్గరే ఉంది. వాడు హెచ్-1బి మీద ఉన్నాడు. వచ్చే నెల కారులో ఇటువైపు ఒక పెళ్లికి వస్తున్నాడు, "నేనే తెచ్చిస్తాలేరా" అంటున్నాడు. మా బావగారు సిటిజన్, పెన్సిల్వేనియాలో ఈస్టన్ దగ్గర ఉంటారు. న్యూజెర్సీలో రూల్స్ గట్టివి, మా ఇంట్లో పెట్టుకో అంటున్నారు. నా భార్యేమో ఆ గొడవే వద్దు, అమ్మేయమంటోంది. కొరియర్‌లో పంపించుకోవచ్చా? వీటిలో ఏది చేయమంటారు?
– ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది పిస్టల్ టెక్సస్ నుంచి న్యూజెర్సీకి ఎలా రావాలని. నేను మాత్రం మధ్యలో ఉన్న ఒక చిన్న వాక్యం దగ్గర ఆగిపోయాను: "వాడు హెచ్-1బి మీద ఉన్నాడు." మీ పిస్టల్ మీ దగ్గరికి ఎప్పుడు వచ్చినా, అసలు రాకపోయినా నష్టం లేదు. మీ స్నేహితుడి ఇంట్లోంచి మాత్రం అది ఈ వారంలోనే బయటికి రావాలి.

ఎందుకో చెబుతాను. 1968 నాటి ఫెడరల్ గన్ కంట్రోల్ చట్టంలో తుపాకీ దగ్గర ఉంచుకోకూడని వాళ్ల జాబితా ఒకటి ఉంది. పెద్ద నేరాల్లో శిక్ష పడినవాళ్లు అందులో ఉంటారని అందరికీ తెలుసు. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద, అంటే స్థిరపడటానికి కాకుండా తాత్కాలికంగా, దేశంలోకి వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారని మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఉద్యోగాల మీద వచ్చే హెచ్-1బి, ఎల్-1, హెచ్-1బి వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్-4, చదువుకొచ్చే ఎఫ్-1, మన అమ్మానాన్నలు వచ్చే విజిటర్ వీసా, అన్నీ ఆ కిందికే వస్తాయి. పదేళ్లుగా పన్ను కట్టినా, సొంత ఇల్లున్నా, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నా లెక్కలోకి రాదు. తుపాకీయే కాదు, ఒక్క తూటా కూడా ఉండకూడదు. టెక్సస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చని చట్టం వచ్చింది. అది విని "ఇక్కడ ఎవరైనా పెట్టుకోవచ్చు" అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ వెసులుబాటు అసలు తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకే. ఫెడరల్ నిషేధాన్ని టెక్సస్ ఎత్తేయలేదు, ఎత్తేయడం దాని చేతిలో లేదు కూడా.

ఈ నిషేధానికి మినహాయింపులున్నాయి. మనలాంటి వాళ్లకి పనికొచ్చేది ఒకటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. మీ స్నేహితుడికి ఆ అలవాటుండి ముందే తీసుకుని ఉంటే సంగతి వేరు, అడిగి చూడండి. లేకపోతే ఇప్పుడు పరుగెత్తి కొన్నా గడిచిన నెల రోజులకి అది వర్తించదు.

"వాడు దాన్ని ముట్టుకోలేదండీ, పై అరలో ఉంది, వాడిది కూడా కాదు" అంటారేమో. చట్టం దృష్టిలో దగ్గర ఉంచుకోవడమంటే చేత్తో పట్టుకోవడం ఒక్కటే కాదు. వస్తువు అక్కడుందని తెలిసి, కావాలనుకున్నప్పుడు తీసుకోగల స్థితిలో ఉంటే చాలు. ఇల్లు వాడిది, క్లాజెట్ వాడిది, తాళంచెవి వాడి చేతిలో ఉంది. ఆ తాళంచెవి ఒక్కటైనా మీరు జేబులో వేసుకుని వచ్చి ఉంటే వాదించడానికి కొంచెం చోటుండేది.

హమీద్ రెహైఫ్ అనే అతని కేసు తెలిస్తే ఇది ఎంత దూరం పోతుందో అర్థమవుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి విద్యార్థి వీసా మీద ఫ్లోరిడాకి వచ్చాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది. ఆ తర్వాత ఒకరోజు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాసేపు తుపాకీ కాల్చాడు. ఎవరినీ బెదిరించలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. దానికే కేసు పెట్టి 18 నెలల జైలు వేశారు. 2019లో సుప్రీంకోర్టు, తను ఆ నిషేధ జాబితాలో ఉన్నాడని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని చెప్పి ఆ తీర్పును పక్కన పెట్టింది. తన వీసా హెచ్-1బి అని మీ స్నేహితుడికి తెలియదా? ఆ తీర్పు అతన్ని కాపాడుతుందని నేను అనుకోను. ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 2022లో 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచారు.

వీసా మీద ఉన్నవాళ్లు వారాంతంలో రేంజ్‌కి వెళ్లి, తుపాకీ పట్టుకుని ఫొటోలు దిగి, ఫేస్‌బుక్‌లో పెట్టడం నేను చూస్తూనే ఉన్నాను. చూసినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. కౌంటర్‌లో కుర్రాడు వీసా అడగకపోవచ్చు. అడగలేదని అది చట్టబద్ధం అయిపోదు.

ఇక మీ సంగతి. నిషేధం ఉన్న మనిషికి, ఉందని తెలిసి లేదా తెలియాల్సిన పరిస్థితి ఉండి, తుపాకీ ఇవ్వడం కూడా అదే చట్టంలో నేరం. అమ్మితేనే నేరం కాదు, అప్పగించినా ప్రశ్న వస్తుంది. మీరు గ్రీన్ కార్డు మీద ఉన్నారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తుపాకీ కొనుక్కోవచ్చు, మీరు కొన్నది తప్పు కాదు. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకు ఒక ప్రత్యేక క్లాజు ఉంది. తుపాకీని చట్టవిరుద్ధంగా కొన్నా, అమ్మినా, ఉంచుకున్నా, వెంట తీసుకెళ్లినా, ఆ నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్న మనిషిని కూడా దేశం నుంచి పంపించేయవచ్చు. వచ్చి ఎన్నేళ్లయిందని చూడదు. మూడేళ్ల తర్వాత మీరు సిటిజన్‌షిప్‌కి పెట్టుకున్నప్పుడు కూడా ఇదంతా బల్ల మీదికి వస్తుంది. భయపెట్టాలని రాయడం లేదు. సిటిజన్‌కి జరిమానాతో పోయే తప్పు మనకి ఇల్లూ వాకిలీ ఖాళీ చేయించగలదని మనసులో ఉంచుకుని మిగతాది చదవండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఇవాళే స్నేహితుడికి ఫోన్ చేసి, పెట్టె ఎక్కడుందో అక్కడే ఉండనివ్వమని, తెరవొద్దని, కారులో పెట్టొద్దని చెప్పండి. వాట్సాప్‌లో దీని గురించి పొడుగాటి చర్చలు వద్దు. అలాగని పాత మెసేజ్‌లు చెరిపేయొద్దు, చెరిపితే అది ఇంకో తప్పుగా కనిపిస్తుంది. రేపే టెక్సస్‌లో క్రిమినల్, ఇమిగ్రేషన్ రెండూ తెలిసిన లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. నేను రాసే జవాబు ఆ గంటకి బదులు కాదు. ఆ తర్వాత డాలస్‌కి టికెట్ తీసుకుని మీరే వెళ్లండి. పెట్టె మీ చేతులతో మీరే దించుకోండి. మీ సొంత తుపాకీని మీరు తిరిగి తీసుకోవడానికి టెక్సస్‌లో మీకు హక్కుంది. అక్కడి నుంచి నేరుగా ఫెడరల్ లైసెన్స్ ఉన్న గన్ షాపుకి వెళ్లండి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా, లైసెన్స్ ఉన్న డీలర్‌కి మీ తుపాకీ ఇవ్వడానికి అడ్డు లేదు. డీలర్ దాని సీరియల్ నంబరు, మీ పేరు, తేదీ తన రిజిస్టర్‌లో రాసుకుంటాడు. ఆ ఒక్క వరుస రాయడంతో మీ స్నేహితుడి ఇల్లు ఈ కథలోంచి బయటికి వస్తుంది. డీలర్ దగ్గర దాచిపెట్టే సదుపాయం ఉందేమో, నెలకి ఎంతో, ముందే ఫోన్‌లో కనుక్కోండి. "అక్కడే ఇంకో ఫ్రెండ్ ఉన్నాడు, సిటిజన్, వాడికిస్తా" అనుకోవద్దు. మీరిప్పుడు న్యూజెర్సీ నివాసి, ఆయన టెక్సస్ నివాసి. అది రెండు రాష్ట్రాల మధ్య చేతులు మారడం అవుతుంది.

మీ ఉత్తరంలో ఉన్న అసలు చిక్కుముడి ఇదే. డీలర్ లైసెన్స్ లేని ఒక మనిషి, వేరే రాష్ట్రంలో ఉండే ఇంకో లైసెన్స్ లేని మనిషికి తుపాకీ అమ్మకూడదు, ఇవ్వకూడదు, తీసుకెళ్లి అప్పగించకూడదు. డబ్బు తీసుకోకపోయినా, బావ అయినా, సొంత అన్నదమ్ములైనా ఇదే రూల్. మధ్యలో లైసెన్స్ ఉన్న డీలర్ ఉండాలి. పిస్టల్ అయితే పుచ్చుకునేవాళ్ల సొంత రాష్ట్రంలోని డీలరే ఇవ్వాలి. మనిషి పోయాక వీలునామా ద్వారానో వారసత్వంగానో వచ్చిన తుపాకీకీ, వేటకో షూటింగ్ ఆటకో తాత్కాలికంగా అరువిచ్చినదానికీ మినహాయింపు ఉంది. మీ విషయంలో ఆ రెండూ లేవు.

కాబట్టి బావగారి మాట కుదరదు. ఆయన మంచికే అన్నారు, పెన్సిల్వేనియాలో రూల్స్ న్యూజెర్సీకన్నా తేలికన్నదీ నిజమే. అయినా మీరు వెళ్లి ఆయన బీరువాలో పెట్టి వస్తే రాష్ట్రం దాటించి ఇచ్చినట్టవుతుంది. ఆయనకే ఇచ్చేయాలనుకుంటే పెన్సిల్వేనియా డీలర్ దగ్గరికి పంపించాలి, ఆయన అక్కడ తుపాకీ పుచ్చుకునేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి. ఆ తర్వాత అది ఆయన తుపాకీ, మీది కాదు. శనివారం వెళ్లి తెచ్చుకోవడం ఉండదు.

స్నేహితుడు తెచ్చిస్తానన్నదైతే కొరివితో తల గోక్కోవడమే. దగ్గర ఉంచుకోకూడని మనిషి, ఉంచుకోవడమే కాకుండా, దాన్ని కారులో పెట్టుకుని ఆర్కన్సా, టెనెసీ, వర్జీనియా, పెన్సిల్వేనియా మీదుగా పదిహేను వందల మైళ్లు తోలి, న్యూజెర్సీలోకి తెచ్చి మీకివ్వడం. దారిలో స్పీడింగ్‌కి ఒక్క పోలీసు ఆపి "కారులో ఆయుధాలేమైనా ఉన్నాయా" అని అడిగితే పెళ్లికి బయల్దేరిన కుర్రాడు ఏం చెప్పాలి? ఈ మాట అతనికి మీరే చెప్పండి. స్నేహం కొద్దీ ఒప్పుకున్నాడు, తనకి ఏం మీద పడుతుందో అతనికి తెలియదు.

కొరియర్ గురించి కూడా ఒక మాట. యూపీఎస్, ఫెడెక్స్ లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర్నుంచే తుపాకులు తీసుకుంటాయి. "టూల్స్" అని రాసి మామూలు పార్సిల్‌లో పంపే ఆలోచన ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి. డీలర్ నుంచి డీలర్‌కి పంపించడమే సరైన దారి.

ఇక న్యూజెర్సీ. ఇక్కడ తొందరపాటు పనికిరాదు. పర్మిట్ లేకుండా పిస్టల్ దగ్గర ఉండటం ఇక్కడ సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్లు. గ్రేవ్స్ యాక్ట్ అనే చట్టం వల్ల అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా లోపల ఉండాల్సి రావచ్చు. షనీన్ ఆలెన్ అనే ఫిలడెల్ఫియా తల్లి కేసు ఇక్కడ అందరికీ గుర్తే. ఆమె దగ్గర తుపాకీ వెంట ఉంచుకోవడానికి పెన్సిల్వేనియా ఇచ్చిన క్యారీ పర్మిట్ ఉంది. 2013 అక్టోబరులో న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసు ఆపితే, నిజాయితీగా తనే "నా దగ్గర గన్ ఉంది, ఇదిగో పర్మిట్" అని చెప్పింది. పక్క రాష్ట్రం పర్మిట్ ఇక్కడ చెల్లదని ఆమెకి తెలియదు. అరెస్టు చేశారు, జైలు శిక్ష మీద పడే పరిస్థితి వచ్చింది. పెద్ద గొడవ జరిగి, చివరికి 2015లో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చాడు. గవర్నర్ దయ మీద ఆధారపడే స్థితికి మీరు వెళ్లకూడదు.

మీరు న్యూజెర్సీకి వచ్చి నెలే అయింది కాబట్టి ఇంకా గడువుంది. 2022లో తెచ్చిన చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో కొన్న తుపాకీతో ఇక్కడ స్థిరపడినవాళ్లు 60 రోజుల్లోపు ఎఫ్‌ఐడి కార్డుకి దరఖాస్తు చేసి, పిస్టల్‌ని రిజిస్టర్ చేయించుకోవాలి. ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడెంటిఫికేషన్ కార్డుకి ఇక్కడివాళ్ల పొట్టి పేరు అది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. వేలిముద్రలు, మీ గురించి చెప్పే ఇద్దరి పేర్లు, మానసిక ఆరోగ్య రికార్డులు చూసుకోవడానికి మీ అనుమతి, సేఫ్టీ శిక్షణ, ఇవన్నీ ఉంటాయి. ఆ దరఖాస్తు చూసేది మీ టౌన్‌షిప్ పోలీసు డిపార్ట్‌మెంటే. పిస్టల్ ఇంకా టెక్సస్‌లోనే ఉంది, ఇక్కడికి తేవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను అని వాళ్లని మామూలుగా అడగొచ్చు. లాయర్‌తో మాట్లాడాక అడగండి, స్నేహితుడి సంగతి లాయర్‌కే వదిలేయండి.

మీ పిస్టల్‌తో వచ్చిన మ్యాగజీన్, అంటే తూటాలు నింపి పిస్టల్‌లోకి దూర్చే డబ్బా, ఒకసారి గుర్తు తెచ్చుకోండి. టెక్సస్‌లో అమ్మే మామూలు పిస్టళ్లతో 15, 17 తూటాలు పట్టేవి వస్తాయి. న్యూజెర్సీలో 10కి మించి పట్టే మ్యాగజీన్ ఇంట్లో ఉండటమే నేరం, 18 నెలల దాకా శిక్ష ఉంది. దీని మీద కోర్టుల్లో వాదనలు జరిగాయి, అయినా చట్టం చట్టమే. పిస్టల్ తెచ్చినా మ్యాగజీన్‌ని తేకండి. తూటాలు కూడా అక్కడి షాపులోనే వదిలేయండి. ముక్కు బోలుగా ఉండే హాలో పాయింట్ రకం తూటాలకి ఇక్కడ వేరే ఆంక్షలున్నాయి, యాభై డాలర్ల డబ్బా కోసం ఆ తలనొప్పి దేనికి?

కార్డు చేతికి వచ్చాక, మీరే స్వయంగా తెచ్చుకోవాలనుకుంటే (డాలస్ డీలర్ దాన్ని మీ చేతికే తిరిగి ఇవ్వగలడో లేదో ముందు లాయర్‌ని అడగండి), 1986 నాటి ఫెడరల్ చట్టం ఒకటి దారిలో కాపు కాస్తుంది. బయల్దేరిన చోటా చేరే చోటా తుపాకీ ఉంచుకునే హక్కు మీకుంటే, మధ్యలో రాష్ట్రాల చట్టాలు ఎలా ఉన్నా దాటి వెళ్లవచ్చు. తూటాలు తీసేసి ఉండాలి. తుపాకీగానీ తూటాలుగానీ కూర్చున్న చోటు నుంచి అందకూడదు, డిక్కీలో ఉండాలి. విడిగా డిక్కీ లేని ఎస్‌యూవీ అయితే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. గ్లవ్ బాక్స్‌గానీ సీట్ల మధ్య కన్సోల్‌గానీ అలాంటి పెట్టెగా లెక్కకి రావు.

ఈ కాపు ఎంత పల్చనిదో గ్రెగ్ రెవెల్ కేసులో తేలింది. 2005లో ఆయన యూటా నుంచి పెన్సిల్వేనియాకి విమానంలో బయల్దేరాడు, పిస్టల్‌ని రూల్ ప్రకారం చెకిన్ సామానులో పెట్టాడు. మధ్యలో మన న్యూజెర్సీలోని నూవర్క్ ఎయిర్‌పోర్ట్‌లో కనెక్షన్ తప్పింది. సూట్‌కేస్ చేతికిచ్చారు, ఆ రాత్రి హోటల్లో పడుకున్నాడు. పొద్దున్నే ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి కౌంటర్‌లో తనే "ఇందులో తుపాకీ ఉంది" అన్నాడు. అక్కడికక్కడే అరెస్టు, కొన్ని రోజులు జైల్లో. తర్వాత కేసు కొట్టేశారు. ఆయన నష్టపరిహారానికి దావా వేస్తే 2010లో అప్పీల్ కోర్టు, హోటల్లో ఆ రాత్రి సూట్‌కేస్ ఆయన చేతికందేలా ఉంది కాబట్టి ఫెడరల్ చట్టం ఆయన్ని కాపాడదని చెప్పింది.

అందుకని విమానంలో వస్తే డాలస్ నుంచి నూవర్క్‌కి నేరుగా వచ్చే ఫ్లైట్ మాత్రమే తీసుకోండి, న్యూయార్క్ ఎయిర్‌పోర్టుల జోలికి పోకండి. గట్టి పెట్టె, తాళం, తాళంచెవి మీ జేబులో. టికెట్ కౌంటర్ దగ్గర "తూటాలు లేని తుపాకీ డిక్లేర్ చేయాలి" అని నెమ్మదిగా చెప్పండి. వాళ్లు ఒక చిన్న కార్డు ఇస్తారు, సంతకం చేసి వాళ్లు చెప్పిన చోట పెట్టాలి. బ్యాగు స్కాన్ అయ్యేదాకా అక్కడే నిలబడండి, తెరవాల్సి వస్తే పిలుస్తారు. నూవర్క్‌లో దిగి, బ్యాగు తీసుకుని, ఎక్కడా ఆగకుండా ఇంటికి. కారులో రావడం నేను సిఫారసు చేయను. రెండు రోజుల ప్రయాణం, మధ్యలో ఒక రాత్రి నిద్ర, ఆ రాత్రే కదా రెవెల్‌ని ముంచింది.

డీలర్ నుంచి డీలర్‌కి పంపిస్తే ప్రయాణం బాధ మీకుండదు. ఇక్కడి డీలర్ మీ ఎఫ్‌ఐడి కార్డు, పిస్టల్ కొనడానికి ఇచ్చే పర్మిట్ చూసి, చెక్ చేసి అప్పుడే చేతికిస్తాడు. రెండు షాపుల ఫీజు పడుతుంది, నెలలు పట్టొచ్చు. తెచ్చుకోవాలన్న పట్టుదల ఉంటే ఈ రెంటిలో నేను దీనికే ఓటేస్తాను.

ఇంతా రాశాక మీ భార్య మాట దగ్గరికే వస్తున్నాను. ఆమె చెప్పిందే చేయండి. డాలస్‌కి ఎలాగూ వెళ్తున్నారు, అదే షాపులో అమ్మేయండి. సీరియల్ నంబరు ఉన్న రసీదు తీసుకుని ఒక కాపీ లాయర్‌కి పంపండి, ఒకటి మీ దగ్గర జాగ్రత్తగా ఉంచుకోండి. ఆ పిస్టల్‌కి తాతల కాలం నాటి అనుబంధమేమీ లేదు, దుకాణంలో దొరికే వస్తువు. ఎడిసన్‌లో కూడా ఇంట్లో ఒకటి ఉండాలనిపిస్తే ఇక్కడి కార్డు, ఇక్కడి పర్మిట్‌తో ఇక్కడే కొత్తది కొనుక్కోండి. అప్పుడు ఏ రాష్ట్రం సరిహద్దూ దాటాల్సిన పని లేదు. మీ భయం మొదలైంది బంగారం దగ్గర కాబట్టి, ఈ శనివారం బ్యాంకుకి వెళ్లి లాకర్ ఖాళీ ఉందేమో అడగండి.

స్నేహితుడికి ఫోన్ మాత్రం ఇది చదవగానే చేయండి.